కట్టుడు పళ్ళ దొరను ఎవరూ చూడరాదు

చేపల శాఖలో పనిచేసినన్నాళ్ళూ చెరుకుపల్లి ఫాలాక్షరావు ఏ ఒక్క చేప గురించీ ఇంట్లో మాట్లాడి ఎరగడు. ఆఫీసు సంగతి ఆఫీసులోనే వదిలేసి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, అన్నం తిని, పేపరు చదువుకుని పడుకునే మనిషి. అటువంటివాణ్ణి ఏలూరులో కొత్తగా పెట్టిన అల్పప్రసిద్ధ చలనచిత్ర సంరక్షణ మండలికి డిప్యుటేషన్ మీద పంపినప్పుడు ఆయన భార్య వకుళ ఒక్కటే అడిగింది, అక్కడ నీచు వాసన ఉండదు కదా అని. ఉండదన్నాడు. ఆ సంభాషణ అంతటితో ముగిసింది.

మండలి పుట్టుకకు కారణం మంత్రిగారి విదేశ పర్యటన. అక్కడెక్కడో ఒక విందులో గడ్డం పెంచుకున్న పెద్దమనిషి ఒకాయన, నలుగురికీ తెలిసిన సినిమాల్లో ఏముంది, ఎవరికీ తెలియని సినిమాల అందమే వేరు అన్నాడట. మంత్రిగారికి ఆ మాట మనసులో నాటుకుపోయింది. విమానం దిగీ దిగగానే విలేఖరులతో, "మన రాష్ట్రంలో ఎవరికీ తెలియని సినిమాలు ఏమేమున్నాయో నాకు తెలియాలి" అన్నారు. నెల తిరక్కుండా మండలి వెలిసింది. వెయ్యిమందికి లోపు చూసిన ప్రతి మంచి సినిమా అల్పప్రసిద్ధ చిత్రమనీ, దాన్ని గుర్తించి, సత్కరించి, సంరక్షించాలనీ ఉత్తర్వు వచ్చింది. మూతపడ్డ ఒక సినిమా హాలును అద్దెకు తీసుకుని, బాల్కనీలో ఆఫీసు పెట్టారు.

మొదటి ఏడాది ఏమైందంటే, తెలిసీ తెలియక మండలివాళ్ళు ఆ సినిమాలను జనానికి చూపించారు. అందులో రెండు నిజంగానే బాగున్నాయి. ఊళ్ళోవాళ్ళు చూశారు, పక్క ఊళ్ళవాళ్ళకు చెప్పారు, వాళ్ళూ వచ్చారు. చూస్తుండగానే వెయ్యి దాటింది. ఏడాది చివర ఆడిట్‌వారు అభ్యంతరం రాశారు: "మండలి సంరక్షణలో ఉండగానే రెండు చిత్రములు ప్రసిద్ధి చెందినట్లు గమనించడమైనది. ఈ నష్టమునకు బాధ్యులెవరో తెలుపవలెను."

మండలి అధ్యక్షుడు వఝల దక్షిణామూర్తిగారు పెద్ద పెద్ద పదవుల్లో పనిచేసి దిగినాయన. ఆయన సర్వీసులో ఆడిట్ అభ్యంతరమన్నది అదే మొదటిది. ఆయన రెండు రోజులు ఉత్తర్వు కాగితం ముందేసుకుని కూర్చున్నారు. మూడోనాడు సిబ్బందినందరినీ పిలిచి ఇలా సెలవిచ్చారు.

"పులుల సంరక్షణ కేంద్రం అంటే పులులు తగ్గకుండా చూడటం. మనది అల్పప్రసిద్ధి సంరక్షణ. అంటే అల్పప్రసిద్ధి తగ్గకుండా చూడాలి. ప్రేక్షకుడనేవాడు మనకు ప్రధానమైన ముప్పు. ఇకమీదట ఈ విషయమై యావన్మందీ అప్రమత్తులై మెలగవలసిందిగా ఆదేశించడమైనది."

ఆ వారమే ఫాలాక్షరావు వచ్చి చేరాడు.

అప్పటికి మండలి దగ్గర మిగిలిన వాటిలో అగ్రస్థానం 'కట్టుడు పళ్ళ దొర' అనే సినిమాది. రాజమండ్రిలో బట్టలు కుట్టే దుకాణం నడుపుకునే యడవల్లి మంజువాణి అనే ఆవిడ, తన నగలు తానే అమ్ముకుని, పదేళ్ళ కిందట తీసిన రక్తపిశాచి సినిమా అది. ఒక థియేటరులో వారం ఆడి వెళ్ళిపోయింది. ఆ ఏడాది ఉత్తమ అల్పప్రసిద్ధ చిత్రంగా దాన్ని ఎంపిక చేశారు. ఎంపిక సంఘంలో ఏ ఒక్కరూ చూడని సినిమా అదొక్కటే కావటంతో నిర్ణయం ఏకగ్రీవమైంది.

చిక్కల్లా సన్మానపత్రం దగ్గర వచ్చింది. అందులో కథ నాలుగు ముక్కలైనా రాయాలి. రాయాలంటే ఎవరో ఒకరు చూడాలి. సినిమాలంటే ఏ మాత్రం ఆసక్తి లేనివాడైతే ప్రమాదం తక్కువని ఆలోచించి, అధ్యక్షులవారు ఫాలాక్షరావును 'అధీకృత వీక్షకుడు'గా నియమించారు.

మధ్యాహ్నం భోజనం చేసి, నిద్ర వస్తే వచ్చిందిలే అనుకుని, ఫాలాక్షరావు ఆ ఖాళీ హాల్లో ఒక్కడూ కూర్చున్నాడు.

తెర మీద బత్తాయిపండు రంగు వేసిన ఒక పాత బంగళా. పట్టపగలు. మెట్ల మీంచి నల్ల వెల్వెట్ కోటులో ఒక దొర గొడుగు వేసుకుని దిగుతున్నాడు. గాలికి కోటు అంచు ఎగిరితే లోపల లైనింగు దానిమ్మ గింజల రంగు. మూడొందల ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల మెడలు కొరుక్కుని బతుకుతున్న దొర. ఆ రోజు ఒక వస్తాదు మెడ కొరకబోతే, మెడలో ఉన్న రాగి తాయెత్తుకు తగిలి కోరలు రెండూ ఊడి చేతిలో పడ్డాయి. దొర వాటిని జేబురుమాలులో కట్టుకుని, తలవంచుకుని, పళ్ళు కట్టేవాడి దుకాణానికి నడిచాడు. వాడు నోరు తెరిపించి చూసి, ఈ రెండూ ఇంత పొడుగెందుకండీ, మిగతావాటితో సమానంగా అరగదీసి కడతాను, చూడముచ్చటగా ఉంటారు అన్నాడు. దొర కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఫాలాక్షరావు నిటారుగా కూర్చున్నాడు. తరవాత గంటన్నరసేపు ఆయన భయపడదామని లోపలికి పీల్చిన ఊపిరల్లా నవ్వై బయటికి వచ్చింది. చీకటి గదిలో దొర ఒక పెద్దమనిషి మెడ మీదికి వంగుతాడు. చూసేవాడి గుండె ఆగుతుంది. దొర పైకి లేచేసరికి పళ్ళసెట్టు ఆ పెద్దమనిషి మెడకే ఉండిపోతుంది. ఆయన దాన్ని తీసి, తుడిచి, "దొరగారూ, తమవి పడ్డాయి" అని అందిస్తాడు. పళ్ళు కట్టేవాడి చెల్లెలు ఒకామె ఉంది, బీట్‌రూట్ రసం బండి నడుపుతుంది. దొర ఆవిడ గాజుగ్లాసులో ఆ ఎర్రటి రంగు చూసి నిలబడిపోయిన దృశ్యం దగ్గర మాత్రం ఫాలాక్షరావు నవ్వలేదు.

సినిమా అయిపోయాక మళ్ళీ మొదటినుంచీ చూశాడు. ఒకే మనిషి ఎన్నిసార్లు చూసినా లెక్కలోకి ఒక్కడేనని నిబంధనల్లో ఉంది.

ఆయన రాసిన కథాసంగ్రహంలో 'దొరగారు రెండు పన్నులు కట్టించుకొనెను' అని ఉండటం చూసి, మండలిలోని ఆర్థిక సభ్యుడు ఆ రెండూ కేంద్రానివా రాష్ట్రానివా అని వివరణ కోరాడు. అది తప్ప మరే అభ్యంతరమూ రాలేదు. అవార్డు సభ ఘనంగా జరిగింది. ప్రసిద్ధి కలగకుండా సినిమా పేరు చదవలేదు. "ఒకానొక చిత్రమునకుగాను, దానికి సంబంధించిన ఒకానొక వ్యక్తికి" అని ప్రకటించి మంజువాణికి శాలువా కప్పారు. ఫొటోగ్రాఫర్లను బయట నిలబెట్టారు. అయినా ఎవరో వాసన పట్టి పేపర్లో వేశారు. ఆ సినిమా ఎక్కడ దొరుకుతుందని ఫోన్లు మొదలయ్యాయి. రాజమండ్రిలో మంజువాణి దుకాణానికి వచ్చినవాళ్ళకల్లా ఆవిడ కుట్టుమిషను పక్కన చిన్న టీవీలో చూపించేస్తోందని తెలిసి అధ్యక్షులవారు గజగజలాడిపోయారు. వెయ్యి నిండటానికి ఇక పదిమందో పదిహేనుమందో మిగిలారని అంచనా వేశారు. ఆవిడ దగ్గరున్న కాపీతో సహా, సినిమా ఉన్న ప్రతి పెట్టెనూ తెప్పించి, హాలు టికెట్ల గదిలో పెట్టి, సీలు వేయించి, కాపలా పెట్టారు. కాపలావాడు కూడా ఆ గదికి వీపు పెట్టి నిలబడాలని ఆజ్ఞ.

ఈ గొడవంతటిలో నలిగిపోయినవాడు ఫాలాక్షరావు. అంత మంచి సినిమా చూసి ఎవరికీ చెప్పకూడదు. చెబితే విన్నవాడు చూడాలంటాడు. అన్నం తింటూ తనలో తాను నవ్వుకునేవాడు. ఒకరోజు పెరుగన్నం ముద్ద ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగి, "తమవి పడ్డాయి" అన్నాడు. వకుళ కింద చూసింది. ఏమీ పడలేదు.

ఆవిడ కొన్నాళ్ళు ఊరుకుంది. బజారులో బీట్‌రూట్లు కనిపిస్తే ఈ మనిషి నిట్టూర్చటం మొదలెట్టాక ఇక ఊరుకోలేదు.

"ఎవరండీ ఆవిడ?" అంది.

"ఏ ఆవిడ?"

"మీరు మధ్యాహ్నం మధ్యాహ్నం ఎవర్ని చూసి వస్తున్నారో ఆవిడ."

ఫాలాక్షరావు నిజం చెప్పలేడు. ఇది ప్రభుత్వ రహస్యం వకుళా అన్నాడు. పాతికేళ్ళ కాపురంలో ఆయన అంత గంభీరంగా మాట్లాడటం అదే మొదలు. అందుచేత ఆవిడ అనుమానం మరింత గట్టిపడింది. అప్పట్నుంచీ వడ్డించటమేగాని మాట్లాడటం మానేసింది.

అలా ఉండగా ఒకరోజు మంజువాణి రాజమండ్రి నుంచి వచ్చి అధ్యక్షులవారి ముందు కూర్చుంది. చిన్న కోరికతో వచ్చానంది. దొర వేషం వేసినాయన గరిమెళ్ళ పురుషోత్తం, పాత నాటకాల మనిషి. సినిమా విడుదలనాటికి ఆయన కళ్ళు పూర్తిగా మసకేసి ఉన్నాయి. ఈమధ్యే ఆపరేషను జరిగి చూపు వచ్చింది. తను వేసిన వేషం తనే ఇంతవరకూ చూసుకోలేదు. ఒక్కసారి చూపించాలి.

దీనిమీద మండలి అత్యవసరంగా సమావేశమైంది. నటుడు ప్రేక్షకుడా కాదా అని చాలాసేపు తర్జనభర్జన పడి, జరిగినదంతా ఆయన సమక్షంలోనే జరిగింది గనక ఆయన సాక్షి మాత్రమేనని తేల్చారు. తీసినావిడ కూడా సాక్షే. అనుమతి మంజూరైంది.

మంజువాణి లేవలేదు. "ఆయనొక్కణ్ణీ కూర్చోబెడితే లాభం లేదండి. ఆయన నాటకాలాడినోడు. జనం నవ్వు వినపడకపోతే బాగా చేశాడో లేదో ఆయనకెలా తెలుస్తాదండి? హాలు నిండా జనం కావాలి" అంది.

దక్షిణామూర్తిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, మీ అభ్యర్థనలో నవ్వు అనే అంశం వేరు, వీక్షణ అనే అంశం వేరు. నవ్వడానికి నిబంధనలలో నిషేధం లేదు. వీక్షణకే ఉంది. కాబట్టి వీక్షించకుండా నవ్వే జనాన్ని మండలి సమకూరుస్తుంది."

ఏర్పాట్లు ఫాలాక్షరావుకు అప్పగించారు. హాల్లో కుర్చీలన్నీ ఊడదీయించి వెనక్కి తిప్పి బిగించారు. జనం తెరకు వీపు పెట్టి కూర్చుంటారు. వాళ్ళకెదురుగా, హాలు వెనక గోడ దగ్గర ఒక బల్ల మీద ఫాలాక్షరావు నిలబడి తెర చూస్తాడు. నవ్వవలసిన చోట కుడిచెయ్యి ఎత్తుతాడు, భయపడవలసిన చోట ఎడమచెయ్యి ఎత్తుతాడు. జనం ఆ ప్రకారం నడుచుకోవాలి. తెరవైపున్న మొదటి వరసలో రెండు కుర్చీలు మాత్రం తిన్నగా ఉంచారు, పురుషోత్తానికీ మంజువాణికీ. సిబ్బంది చాలక చేపల శాఖ నుంచి కొందరిని పిలిపించారు. అదీ చాలక కుటుంబ సభ్యులను తీసుకురావచ్చన్నారు. వకుళ, ఆ ఆవిడెవరో చూద్దామని, పట్టుచీర కట్టుకుని వచ్చింది.

ఆదివారం ఉదయం ఆట మొదలైంది. అధ్యక్షులవారు కూడా ఆదర్శప్రాయంగా తెరకు వీపు పెట్టి మధ్య వరసలో కూర్చున్నారు.

పురుషోత్తం కొత్త కళ్ళజోడు పెట్టుకుని, చేతికర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని తెర వైపు వంగి కూర్చున్నాడు. బంగళా వచ్చింది. గొడుగు వచ్చింది. తాయెత్తు దగ్గర ఫాలాక్షరావు కుడిచెయ్యి ఎత్తాడు. జనం నవ్వారు, ఆఫీసరు ఛలోక్తికి నవ్వినట్టు, ఒక్కసారిగా మొదలై ఒక్కసారిగా ఆగిపోయింది. పురుషోత్తం ముఖం చిన్నబోయింది. "ఇదేం నవ్వమ్మా, హాజరు పలికినట్టుంది" అన్నాడు మంజువాణితో.

ఆ మాట వెనక గోడ దాకా వినిపించింది. ఫాలాక్షరావు మనసు చివుక్కుమంది. కానీ చేసేదేముంది, మళ్ళీ చెయ్యి ఎత్తాడు, మళ్ళీ హాజరు పలికారు. పళ్ళు కట్టే దుకాణం వచ్చేసరికి ఆయన ఉండబట్టలేకపోయాడు. ఏ చెయ్యి ఎత్తాలో మరిచిపోయి, బల్ల మీద నిలబడి, పొట్ట పట్టుకుని తనే నవ్వసాగాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. తరవాత దొర చీకటి గదిలోకి అడుగుపెట్టగానే ఆ ముఖమే బిక్కచచ్చిపోయి, కళ్ళు ఇంతింతలై, మళ్ళీ అంతలోనే విచ్చుకుంది.

వకుళ ఆ ముఖాన్నే చూస్తోంది. ఇన్నేళ్ళలో ఆ మనిషి ముఖంలో అన్ని రంగులున్నాయని ఆవిడకు తెలియదు. పెళ్ళిపీటల మీద లేదు, పిల్లలు పుట్టినప్పుడు లేదు, ప్రమోషను వచ్చినప్పుడైతే అసలే లేదు. ఏముందో ఆ తెరమీద, ఈయన్ని ఇలా చేస్తున్నది ఏమిటో ఆవిడకు తెలియాలి. కుర్చీలోంచి లేచి, పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుని, కుర్చీలో మోకాళ్ళమీద కూర్చుని వెనక్కి తిరిగింది.

సరిగ్గా అప్పుడే పెద్దమనిషి మెడ మీంచి పళ్ళసెట్టు తీసి తుడుస్తున్నాడు.

వకుళ నవ్వు చెయ్యి ఎత్తితే వచ్చింది కాదు. ఆ నవ్వుకు పక్కనున్న అటెండరు భార్య తిరిగింది. ఆవిడ నవ్వుకు అటెండరు తిరిగాడు. చేపల శాఖవాళ్ళు ఒక వరస వరసంతా తిరిగారు. కాసేపటికి హాల్లో ఒక్కరి వీపూ తెరవైపు లేదు, మధ్య వరసలో అధ్యక్షులవారిది తప్ప. ఆయన రెండు చేతులతో కుర్చీని పట్టుకుని బిగదీసుకుని కూర్చున్నారు. చుట్టూ జనం పడిపడి నవ్వుతున్నారు. తెరమీద దొర పళ్ళసెట్టు పెళ్ళివిందులో పాయసం గంగాళంలో పడిపోయింది. వడ్డించేవాడు గరిటె ముంచాడు. వరసలో కూర్చున్న పెద్దలంతా ఒక్కొక్కరే పాయసం చప్పరిస్తున్నారు. అది ఎవరి నోట్లోకి వస్తుందోనని హాలు మొత్తం ఊపిరి బిగబట్టింది. ఆ నిశ్శబ్దాన్ని దక్షిణామూర్తిగారు భరించలేకపోయారు.

"ఎవరికి వచ్చింది?" అంటూ తిరిగారు.

ఆ తరవాత ఆయన మళ్ళీ ఇటు తిరగలేదు.

ఆట ముగిసి లైట్లు వేశాక కూడా పురుషోత్తం కుర్చీలోంచి లేవలేదు. ఫాలాక్షరావు బల్ల దిగి వెళ్ళి ఎలా ఉందండీ అని అడిగాడు. ముసలాయన తెల్ల తెర వంకే చూస్తూ, "ఆ దొర బాగా చేశాడు బాబూ" అన్నాడు.

మరునాడే పైనుంచి సంజాయిషీ కోరుతూ తాఖీదు వచ్చింది. సంరక్షణలో ఉన్న చిత్రాన్ని సంరక్షకులే చూసేశారన్న ఆరోపణ మీద ఒక విచారణాధికారిని వేశారు. ఆయన బహు నిదానస్తుడు. ఒక్కొక్కరినీ పిలిచి, మీరు చూశారా అని అడిగితే, ఉద్యోగం పోతుందన్న భయంతో చూడలేదన్నారందరూ. అయితే ఏమేమి చూడలేదో వివరంగా చెప్పండి అన్నాడాయన, ఒక మాట మిగలకుండా రాసుకుంటూ.

జనం చెప్పారు. దొర మెట్లు దిగుతుంటే కోటు లోపలి దానిమ్మరంగు తళుక్కుమన్నది తాను చూడలేదని అటెండరు చెప్పాడు. బీట్‌రూట్ బండి దగ్గర దొర నిలబడిపోవటం తాను బొత్తిగా చూడలేదనీ, అందుచేత ఏడవలేదనీ అటెండరు భార్య కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. చేపల శాఖవాళ్ళు మాటలతో సహా చెప్పారు. దక్షిణామూర్తిగారు తన వాంగ్మూలంలో, "పాయస ఘట్టము ఆద్యంతము నా దృష్టికి రాలేదు. అట్లు రానిదానిలో మూడవ పెద్దమనిషి ముఖకవళికలు మిక్కిలి ప్రశంసనీయములు" అని పేర్కొన్నారు.

విచారణ నివేదికను ప్రజల ముందు ఉంచారు. ఉంచక తప్పని నిబంధన వేరే ఉంది. పేపర్లు దాన్ని రోజుకింత చొప్పున వేశాయి. ఇళ్ళల్లో అన్నాల దగ్గర చదువుకుని నవ్వుకున్నారు. ఇంత చూడని సినిమా ఏమిటో చూడాలని జనం థియేటర్లవాళ్ళను పట్టుకున్నారు. 'ప్రసిద్ధి చెందిన కారణమున' సినిమాను మండలి జాబితాలోంచి తొలగించారు, శాలువా వాపసు చెయ్యమని మంజువాణికి రాశారు. ఆవిడ దాన్ని ఇస్త్రీ చేయించి, వదులుగా ఉన్న అంచు కుట్టి మరీ పంపించింది. దక్షిణామూర్తిగారు మాత్రం పదవిలోనే ఉన్నారు. మిగిలిన సినిమాలు ఎంత మంచివో ఎవరికీ తెలియనందువల్ల వాటికిక ప్రమాదం లేదని ప్రభుత్వానికి భరోసా ఇచ్చారు.

ఫాలాక్షరావును చేపల శాఖకు తిప్పి పంపేశారు. ఆయనకు పెద్ద బాధేమీ కలగలేదు. ఇప్పుడు రాత్రిపూట భోజనాల దగ్గర వకుళా ఆయనా ఆ దొర మాటలే మాట్లాడుకుంటున్నారు. ఒక్కోసారి మధ్యలో చేపల గురించి కూడా.

సినిమా ఏలూరులో మళ్ళీ విడుదలైన మొదటి ఆదివారం ఇద్దరూ మ్యాట్నీకి బయల్దేరారు. తీరా వెళ్ళేసరికి హౌస్‌ఫుల్ బోర్డు పెట్టేశారు. ఫాలాక్షరావు ఆ బోర్డు వంక కాస్త నొచ్చుకున్నట్టే చూశాడు. ఒకప్పుడు ఇంత హాలులో తనొక్కడే కూర్చుని చూసిన సినిమా. ఇప్పుడు లోపలున్న వాళ్ళెవరో, ఏ దృశ్యం దగ్గర నవ్వుతున్నారో, నవ్వకూడని చోట నవ్వుతున్నారేమో. తరవాతి ఆటకు వరసలో నిలబడదామంది వకుళ.

వాళ్ళ ముందు చేతిసంచీతో ఒకాయన నిలబడి ఉన్నాడు. మందుల దుకాణమట ఆయనది. నిన్న చూశాననీ, ఇవాళ మళ్ళీ వచ్చాననీ చెప్పి, మీరు చూశారా అని అడిగాడు. ఫాలాక్షరావు నోరు తెరిచేలోపలే, చూసుండర్లెండి, మీ ముఖం చూస్తేనే తెలుస్తోంది అని కథ ఎత్తుకున్నాడు. దొర కోరలు ఊడింది పోలీసు ఇన్‌స్పెక్టరు మెడ కొరకబోయినప్పుడన్నాడు. కోటు ఆకుపచ్చదన్నాడు. వకుళ భర్త వంక చూసింది.

తప్పు దిద్దే మాట ఫాలాక్షరావు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ మందుల దుకాణదారు సంచీ కింద పెట్టేసి, రెండు చేతులూ గాల్లో తిప్పుతూ, దొర నడిచినట్టు రెండడుగులు నడిచి చూపిస్తున్నాడు. ముఖమంతా వెలిగిపోతోంది.

ఫాలాక్షరావు ఇంకాస్త దగ్గరికి జరిగి, "ఆఁ, తరవాతేమయిందండీ?" అన్నాడు.